చల్లారని ఉపగ్రహము

1610వ సంవత్సరము జనవరి నెలలో గెలీలియో తన దూరదర్శినిని గురుగ్రహమువైపు త్రిప్పి, దానిచుట్టు తిరుగు నాలుగు ఉపగ్రహములను కనుగొనెను. వీనిలో గురునికి మిక్కిలి సమీపమున నున్నది అయో. ఇది మన చంద్రునికంటె కొంచెమే పెద్దది.

గురుడు రూపొందిన కాలమున దానిచుట్టు తిరుగుచుండిన వాయువు, ధూళి క్రమముగా గడ్డకట్టి యీ ఉపగ్రహము లేర్పడినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అటుపిమ్మట వాని గతి యేమి? పెద్ద వస్తువుకంటె చిన్న వస్తువు త్వరగా చల్లారును. చంద్రుడు ఏనాడో చల్లారి, ఉల్కలు కొట్టిన గుంటలతో నిండియున్నాడు. అయో కూడ అట్లే యుండునని పలువురు తలచిరి.

ఈ తలంపును మొదట కదలించినది గణితము. అయో గురుని సుమారు 42½ గంటలలో చుట్టివచ్చును. అది రెండుమార్లు తిరుగునప్పటికి యూరోపా ఒకమారును, నాలుగుమార్లు తిరుగునప్పటికి గానిమీడ్ ఒకమారును తిరుగును. ఈ పొందిక చెడక నిలుచుటకు కారణమును 18వ శతాబ్దము చివర లాప్లాస్ వివరించెను. ఇందువలన యూరోపా ఆకర్షణ అయోను కక్ష్యలో ఒకేచోట మరల మరల లాగుచుండును. ఆ కక్ష్య పూర్ణవృత్తము కానేరదు. అయో గురుని సమీపించినపుడు ఎక్కువగా సాగును, దూరమైనపుడు సడలును. ఇనుపతీగను పదేపదే ఇటునటు వంచినచో వంచినచోట వేడెక్కుట విద్యార్థు లెఱిగినదే. అయో గర్భమున జరుగునదియు నిట్టిదే.

పీల్, కాసెన్, రేనాల్డ్స్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఈ వేడిని లెక్కించి, అయో లోపలిభాగము చాలవరకు కరగియుండవచ్చుననియు, పైన అగ్నిపర్వతములు కానవచ్చుననియు 1979 మార్చి 2న ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. పరీక్ష ఎంతో దూరమున లేదు. మూడవనాడే వాయేజర్ 1 నౌక అయోకు సుమారు 20 వేల కిలోమీటర్ల దూరమున పోవలసియుండెను. లెక్క తప్పైనచో లోకమంతయు వెంటనే చూచును.

మార్చి 5న తీసిన చిత్రములలో ఉల్కాపాతపు గుంట ఒక్కటియు కానరాలేదు. మార్చి 9న లిండా మొరబిటో అను ఇంజనీరు, నౌకాగమనమును సరిచూచుటకై తీసిన ఒక చిత్రములో మసకనక్షత్రమును వెదకుచు, దాని వెలుగును హెచ్చించి చూచెను. అయో అంచున గొడుగువంటి మేఘ మొకటి కనిపించెను. అది 250 కిలోమీటర్లకు పైగా ఎగసిన అగ్నిపర్వతధూమము! భూమికి వెలుపల రగులుచున్న అగ్నిపర్వతమును మానవుడు చూచుట అదియే ప్రథమము.

అయోపై ఇట్టివి వందలకొలది కలవని తరువాత తెలియవచ్చెను. యూరోపా మంచుపొరక్రింద సముద్ర ముండునని నమ్ముటకును ఈ పోటువేడి యొక ఆధారము. ఉపగ్రహము చల్లారునా, రగులునా అను సంగతిని దాని పరిమాణ మొక్కటే నిర్ణయింపదు. తోడునడచు ఉపగ్రహములును నిర్ణయించును.