రాజుగాడి చిరునామా

మా రాజుగాడు ఏలూరు వీధికుక్క. కాలు విరిగితే తెచ్చుకున్నా, నయమయ్యాక వదల్లేకపోయా. ఇప్పుడు నేను చెప్పులేసుకుంటే చాలు, వాడి ఏడుపు మొదలు. తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చేసరికి తలుపంతా గీకేసి ఉంటుంది.

ఒకప్పుడు మునిసిపాలిటీలు వీధికుక్కల్ని చంపించేవి. 1960ల్లో మద్రాసు బ్లూక్రాస్ వాళ్ళు చంపకుండా పిల్లలు పుట్టని ఆపరేషన్ మొదలుపెట్టారు. 2001లో కేంద్రం దాన్నే నిబంధన చేసింది: ఆపరేషన్, రేబిస్ టీకా, ఆపైన పట్టుకున్న చోటే వదలాలి. 2023 కొత్త నిబంధనల్లోనూ అదే మాట. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దంది.

అంటే వీధికుక్కకీ ఓ చిరునామా ఉందని ప్రభుత్వం 2001లోనే ఒప్పుకుంది. రాజుగాడి చిరునామా మార్చింది నేనే కదా! అందుకే కొట్టను. నిమిషం బయట నిలబడి, వాడు ఏడవకముందే లోపలికొస్తున్నా. రేపు రెండు నిమిషాలు. చూద్దాం.