నూరు మీటర్ల న్యాయం, నాలుగు వందల ఎకరాల నేల

పరుగు పందేలకు సాహిత్య పత్రికలో చోటెందుకని అడిగే మిత్రులున్నారు. ఆటలు ఆటలే, వాటిని చరిత్రలోకీ రాజకీయాల్లోకీ లాగకూడదని వారి వాదం. ఆటలను మనం లాగనక్కర్లేదు. చరిత్రే వాటిని లాక్కున్న ఉదాహరణ మన హైదరాబాదు పడమటి అంచున, గచ్చిబౌలిలో ఉంది. అయితే దాన్ని చెప్పడానికి ముందు పారిస్‌లో జరిగిన ఒక పందెం గురించి చెప్పాలి.

2003 ఆగస్టు 24. ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో పురుషుల నూరు మీటర్ల క్వార్టర్ ఫైనల్. ఆ ఏడాదే కొత్త నియమం వచ్చింది. ఎవరు మొదటిసారి గన్ను కంటే ముందు కదిలినా హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది. రెండోసారి ఎవరు కదిలితే వారు బయటికి పోవాలి. రెండో ప్రయత్నంలో అమెరికాకు చెందిన జాన్ డ్రమ్మండ్, జమైకాకు చెందిన అసాఫా పావెల్ ఇద్దరినీ తప్పించారు. గన్ను మోగాక డ్రమ్మండ్ కదలిక 0.052 సెకనుకు నమోదైంది, పావెల్‌ది 0.086కు. మనిషి చెవి విని, మెదడు చెప్పి, కాలు కదలడానికి కనీసం సెకనులో పదో వంతు పడుతుందని నియమం. అంతకంటే ముందు కదిలితే అది వినడం కాదు, ఊహించడం. డ్రమ్మండ్ ఒప్పుకోలేదు. తాను కదలలేదంటూ ట్రాకు మీద వెల్లకిలా పడుకున్నాడు. పందెం చాలాసేపు ఆగిపోయింది. మర్నాడు జరిగిన ఫైనల్లో సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అనే చిన్న ద్వీప దేశపు కిమ్ కాలిన్స్ 10.07 సెకన్లలో గెలిచాడు. ఆ దేశం మొత్తం జనాభా మన ఒక చిన్న పట్టణమంత.

ఈ ఉదంతం చదివి నవ్వుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో గొప్ప విషయం కనబడుతుంది. నూరు మీటర్ల పందెంలో న్యాయం కోసం మనిషి పడ్డ తాపత్రయం అసాధారణమైనది. స్టార్టరు ఒక పక్కన నిలబడి గన్ను పేల్చితే ఆ చప్పుడు దగ్గరి లేనులో ఉన్నవాడికి ముందు, దూరపు లేనులో ఉన్నవాడికి తర్వాత చేరుతుంది. ఆ తేడా పోగొట్టడానికి ప్రతి స్టార్టింగ్ బ్లాకు వెనకా ఒక స్పీకరు పెట్టారు. వెనక నుంచి గాలి సెకనుకు రెండు మీటర్ల వేగం మించి వీస్తే ఆ కాలాన్ని రికార్డుగా అంగీకరించరు. 2010 నుంచి మొదటి తప్పుకే వేటు. 2011లో దేగులో ఫైనల్ గీత మీద నుంచి ఉసేన్ బోల్ట్ అంతటివాణ్ణీ బయటికి పంపారు. పది సెకన్ల లోపల ఇంత సమానత్వం మానవుడు మరెక్కడా సాధించలేదు. గీత దగ్గరికి చేరేలోపు జరిగిన దాని సంగతి మాత్రం ఏ యంత్రమూ కొలవదు.

పారిస్ పందెం ముగిసిన రెండు నెలలకు, 2003 అక్టోబరు 24న, హైదరాబాదులో తొలి ఆఫ్రో-ఏషియన్ క్రీడలు మొదలై నవంబరు 1 దాకా జరిగాయి. రెండు ఖండాల నుంచి తొంభైకి పైగా దేశాలు వచ్చాయి. ఫుట్‌బాల్ లాల్ బహదూర్ స్టేడియంలో. పరుగు పందేలు మాత్రం గచ్చిబౌలిలో, అప్పటికి ఏడాది వయసున్న జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు పేరు దానికి పెట్టారు. పతకాల పట్టికలో చైనా మొదట, మనం రెండు. తొలి క్రీడలన్నారు గాని అవే చివరివి కూడా. తర్వాతి క్రీడలు అల్జీరియాలో జరపాలనుకున్నారు, జరగలేదు.

'ఆఫ్రో-ఆసియా' అన్న మాట ఇలాంటి పత్రికల పాఠకులకు కొత్త కాదు. 1955 ఏప్రిల్‌లో బాండుంగ్‌లో 29 దేశాలు కూర్చుని వలస పాలనను ధిక్కరించిన రోజుల నుంచి ఆ మాటకు ఒక వేడి ఉంది. 1958లో తాష్కెంటులో రెండు ఖండాల రచయితలు ఆ పేరు మీదనే కలుసుకున్నారు. ఆటల్లోకీ ఆ వేడి పాకింది. 1962 జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వనందుకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఇండోనేషియాను సస్పెండు చేస్తే, సుకర్ణో 1963 నవంబరులో 'కొత్తగా లేస్తున్న శక్తుల క్రీడలు' అని వేరే పోటీ పెట్టాడు. ఆటలకూ రాజకీయాలకూ సంబంధం లేదన్న ఒలింపిక్ పెద్దల మాటే ఒక రాజకీయమని బాహాటంగా అన్నాడు. ఆ క్రీడల్లో సుకర్ణో సొంత డాబు పాలెంతో, అణగారిన జాతుల ఆత్మగౌరవం పాలెంతో తేల్చడం కష్టమే. కానీ ఆ రెండోది ఉన్నమాట నిజం.

2003 నాటికి ఆ పేరులో వేడి చల్లారింది. హైదరాబాదులో ఆ పేరు చేసిన పని వేరు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 1999లో విజన్ 2020 పత్రం వచ్చింది. మాదాపురం, కొండాపురం, నానక్‌రాంగూడ, రాయదుర్గం ఊళ్ల పేర్లు కంపెనీల చిరునామాలుగా మారుతున్న కాలమది. రాళ్ల గుట్టల మధ్య ఒక అంతర్జాతీయ స్టేడియం లేచిందంటే, ఇక్కడికి ప్రపంచం వస్తుందని పెట్టుబడిదారుకు చూపే సాక్ష్యం అది. పాత ఆటస్థలం ఫతే మైదాను నగరం నడిబొడ్డున ఉండేది. నడిచీ, సిటీ బస్సు పట్టుకునీ జనం పోయేవారు. కొత్త స్టేడియం జనం ఉన్నచోట కట్టింది కాదు, భూమి ధర పెరగవలసిన చోట కట్టింది.

ఈ మాట కటువుగా తోస్తుందని తెలుసు. అయితే పరుగు పందెం ఒక నగరపు ముఖానికి పూతగా మారడం గచ్చిబౌలితో మొదలు కాలేదు. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినప్పుడు బొగ్గుపొడి ట్రాకు మీద బొంబాయి కుర్రవాడు లేవీ పింటో నూరు మీటర్లు 10.8 సెకన్లలో గెలిచాడు, రెండు వందల మీటర్లూ అతనే గెలిచాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో పురుషుల నూరు మీటర్ల స్వర్ణం 2023 హాంగ్జౌ దాకా మరే భారతీయుడికీ రాలేదు. 1968లో మెక్సికో నగరం ఒలింపిక్స్‌కు మొదటిసారి సింథటిక్ ట్రాకు పరిచింది. ప్రారంభోత్సవానికి పది రోజుల ముందు, అక్టోబరు 2న, త్లాతెలోల్కో కూడలిలో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపింది. 14వ తేదీన ఆ కొత్త ట్రాకు మీద జిమ్ హైన్స్ 9.95 సెకన్లలో పరుగెత్తాడు; ఎలక్ట్రానిక్ గడియారం మీద పది సెకన్ల గీత దాటిన తొలి మనిషి. రెండు రోజుల తర్వాత రెండు వందల మీటర్ల విజేతలు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల చేతితొడుగుల పిడికిళ్లు ఎత్తి తలలు వంచి నిలబడ్డారు. ఆ ఇద్దరినీ జట్టు నుంచి పంపేశారు. కాల్పులు జరిపించిన ప్రభుత్వం మాత్రం క్రీడలు ముగిసేదాకా ఆతిథ్యం ఇస్తూనే ఉంది.

మనకు దగ్గరి పాఠం 1982 ఢిల్లీ ఏషియాడ్. కొత్తగా కట్టిన నెహ్రూ స్టేడియంలో పురుషుల నూరు మీటర్లు మలేషియాకు చెందిన రబువాన్ పిట్ 10.68 సెకన్లలో గెలిచాడు. దేశమంతా రంగుల టెలివిజను కొత్తగా చూస్తున్న రోజులు. ఆ స్టేడియాలూ ఫ్లయ్‌ఓవర్లూ కట్టిన కూలీల సంగతి మాత్రం టెలివిజనులో రాలేదు, సుప్రీంకోర్టులో వచ్చింది. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ వేసిన కేసులో క్రీడలకు రెండు నెలల ముందు, 1982 సెప్టెంబరులో, జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. రోజు కనీస కూలి 9 రూపాయల 25 పైసలైతే, కూలీల్ని తెచ్చిన జమాదారు రూపాయి కమీషను కోసుకుని 8 రూపాయల 25 పైసలే చేతిలో పెడుతున్నాడని ఆ కేసులో తేలింది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని ఏదైనా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరేనని కోర్టు స్పష్టం చేసింది. మన దేశపు కార్మిక చట్టాల చరిత్రలో ఇంతకంటే విలువైన వాక్యం అరుదు. అది పుట్టింది ఒక క్రీడోత్సవం పునాదుల్లో నుంచి. అయినా ఏషియాడ్ గురించి రాసిన ఆటల పుస్తకాల్లో అది కనిపించదు.

ఢిల్లీలో జమాదారు అంటే మన పాలమూరులో గుంపు మేస్త్రీ. ముందు బయానా ఇచ్చి, ఊళ్లకు ఊళ్లను లారీ ఎక్కించి, డ్యాముల దగ్గరా కాలువల దగ్గరా దింపినవాడు. నాగార్జునసాగరం నుంచి నిన్నటి అద్దాల మేడల దాకా ఆ చెమట ఉంది. సైబరాబాదు కట్టడాల మీద శిలాఫలకాలు చాలా ఉన్నాయి. మట్టి మోసినవాళ్ల పేరు ఒక్కదాని మీదా నాకు కనబడలేదు.

ఇప్పుడు భూమి దగ్గరికి వద్దాం. తెలంగాణ పల్లెలో కంచ అంటే పశువులు మేసే బీడు. రాళ్లూ తుప్పలూ వాన నీటి కుంటలూ ఉన్న ఉమ్మడి నేల. కంచ గచ్చిబౌలి అలాంటిదే. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇటువైపే విశాలమైన ఆవరణ వచ్చింది. ముప్ఫై ఏళ్లు గడిచేసరికి బీడు బంగారమైంది.

2003 ఆగస్టు 5న ఐఎంజీ అకాడెమీస్ భారత అనే కంపెనీ రిజిస్టరైంది. ఆగస్టు 9న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానితో ఒప్పందం చేసుకుంది. ఒలింపిక్ స్థాయి క్రీడాకారుల్ని తయారు చేసే అకాడెమీలు కడతామని వాళ్లు, 850 ఎకరాలు ఇస్తామని వీళ్లు. అందులో కంచ గచ్చిబౌలిలో 400, మామిడిపల్లిలో 450. నవంబరులో శాసనసభ రద్దయింది. 2004 ఫిబ్రవరిలో, ఆపద్ధర్మ ప్రభుత్వం ఉన్న కాలంలో, గచ్చిబౌలి నేల ఎకరం 50 వేల రూపాయల చొప్పున కంపెనీ పేర రాసి ఇచ్చారు. టెండరు లేదు, పోటీ లేదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ పుట్టుకకూ ఒప్పందానికీ మధ్య నాలుగు రోజులు. అదే నెలలో, సెకనులో ఇరవయ్యో వంతుకు కదిలాడని ఒక నల్లజాతి పరుగు వీరుణ్ణి పారిస్‌లో తప్పించారు. అంత త్వరగా స్పందించడం మనిషికి సాధ్యం కాదు గనుక అతను గన్ను వినలేదు, ముందే ఊహించాడని నియమం తేల్చింది. ఇక్కడ నాలుగు రోజుల కంపెనీ గన్ను విని కదిలిందా, ముందే కదిలిందా? దాన్ని కొలిచే బ్లాకులు మన సచివాలయంలో లేవు. 2004లో వచ్చిన కొత్త ప్రభుత్వం 2006లో ఒప్పందాన్ని రద్దు చేస్తే కంపెనీ హైకోర్టుకెక్కింది. తెలంగాణ హైకోర్టు ఆ పిటిషను కొట్టివేసింది 2024 మార్చిలో. సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది మేలో. తప్పు ఆరంభాన్ని తేల్చడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు వందల మీటర్ల ప్రామాణిక ట్రాకు, లోపలి పచ్చికతో సహా, సుమారు నాలుగు ఎకరాల్లో పడుతుంది. గచ్చిబౌలిలో ఆటల పేరు చెప్పి రాసిచ్చిన నేలలో అలాంటివి నూరు పట్టేవి. నేను చదువుకున్న ఊళ్లో పంద్రాగస్టు పందేలకు డ్రిల్లు మాస్టారు సున్నంతో గీత గీసేవారు; నూరు మీటర్లు చాలక డెబ్బై దగ్గరే ప్రహరీ గోడ వచ్చేది. గోడ తగిలేలోపు ఆగడం కూడా మాకు పందెంలో భాగమే. ఇవాళ జిల్లాల్లో తిరిగితే ఆ డెబ్బై మీటర్లూ లేని బళ్లు చూస్తున్నాను. అపార్టుమెంటు సెల్లారులో నడిచే ప్రైవేటు బడికి అయితే గోడ తప్ప మరేం లేదు.

స్టేడియం వృథా అయిందని నేను అనను. అలా అంటే అక్కడ తెల్లవారుజామున ఈలలు వేస్తూ నిలబడే శిక్షకులకు అన్యాయం చేసినట్టవుతుంది. కోచ్ నాగపురి రమేష్ దగ్గర హైదరాబాదులో తయారైనవాళ్లను చూస్తే చాలు. ఒడిశా నేత కార్మికుల బిడ్డ ద్యుతీ చంద్ 2018 ఆసియా క్రీడల్లో నూరు, రెండు వందల మీటర్లు రెండింటిలోనూ రజతం తెచ్చింది. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి కొంతకాలం ఇక్కడే హర్డిల్స్ దిద్దుకుంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలపు కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024లో కోబె ప్రపంచ పారా పోటీల్లో నాలుగు వందల మీటర్లు 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పురుషుల స్ప్రింటులో మాత్రం వెలుగు వేరే దిక్కు నుంచి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన అనిమేష్ కుజూర్ భువనేశ్వర్‌లో తయారై 2025 జూలైలో 10.18 సెకన్లతో నూరు మీటర్ల జాతీయ రికార్డు పెట్టాడు. ఆ సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల్లో రెండు వందల మీటర్లు పరుగెత్తాడు. సెక్యూరిటీ గార్డులూ కూలీలూ నేతగాళ్లూ: ఈ పిల్లల తల్లిదండ్రుల్లాంటివాళ్లే సైబరాబాదు మేడల గేట్ల దగ్గరా పునాదుల్లోనూ ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆ నగరపు మాస్టర్ ప్లానులో ఎక్కడ పరుగెత్తాలో నాకు కనిపించలేదు.

2020 ఏప్రిల్‌లో కరోనా వచ్చినప్పుడు గచ్చిబౌలి క్రీడా గ్రామంలోని పద్నాలుగు అంతస్తుల భవనాన్ని ఆస్పత్రిగా మార్చారు. అది తప్పని ఎవరంటారు? అయితే కోటి జనాభా నగరంలో ఆస్పత్రికి వేరే చోటు దొరకనంతగా భూములు ఎటుపోయాయన్న ప్రశ్న అప్పుడే రావలసింది.

అది 2025లో వచ్చింది, వేరే దారిన. ఐఎంజీ చేతుల్లోంచి తిరిగి వచ్చిన ఆ 400 ఎకరాలు తమవేనని రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ద్వారా వేలానికి సిద్ధపడింది. ఈసారి అకాడెమీ మాట లేదు, ఒలింపిక్స్ మాట లేదు; ఐటీ పార్కులు అన్నారు. మార్చి నెలాఖరున జేసీబీలు దిగాయి. విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, అరెస్టులయ్యారు. చెట్లు కూలుతుంటే జింకలూ నెమళ్లూ చెదిరిపోయాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి, అక్కడ మరో చెట్టు కొట్టరాదని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే నూరు ఎకరాల దాకా చదును చేసేశారు.