కారంపూడిలో మాట్లాడేది ఆయుధాలు

శ్రీనాథుడిదిగా చెప్పుకునే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు. అంతకు ముందు వందల ఏళ్లు, అక్షరం ముక్క రాని మా పల్నాటి రైతుకీ కూలికీ ఆ కథంతా తెలుసు. వీరవిద్యావంతులు పాడగా విన్నది కొంతయితే, కళ్లతో చూసి నేర్చుకున్నది అంతకంటే ఎక్కువ. నరసరావుపేటలో పుట్టిన నేను కూడా 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని ముందు కారంపూడిలో చూశాను, తర్వాతే చదివాను.

కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ వీరుల తిరునాళ్లు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకీ ఒక్కో పేరు. రాయబారం అంటే సంధి మాటలకు వెళ్లిన అలరాజు విషానికి బలైన కథ. మందపోరు ఆలమందల కోసం జరిగిన పోరు. కోడిపోరు నాడు ఎదురెదురు పక్షాల మంత్రుల్లో బ్రహ్మనాయుడి వైపు ఒక పుంజు, నాగమ్మ వైపు ఒక పుంజు బరిలోకి దిగుతాయి. బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం పోయి అడవుల పాలైన వైనం ఆ రెండు పుంజులు చూస్తేనే పిల్లలకు అర్థమైపోతుంది.

వీరాచారవంతులు తమ ఇళ్లలో ఏడాది పొడవునా పూజలో ఉంచిన కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, ఊరూరి నుంచీ తెస్తారు. వాళ్లకవి ఇనుప ముక్కలు కావు, సాక్షాత్తూ వీరులే. నాగులేటిలో గంగధారి మడుగు దగ్గర స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి వీర్లగుడికి నడిపిస్తారు. దారిలో డప్పు ఒక దరువు మీద సాగుతుంది. ఎదురుగా ఇంకో కొణతం రాగానే దరువు మారిపోతుంది. పట్టుకున్నవాడి భుజం బిగుస్తుంది, అడుగు వేగం అందుకుంటుంది. జనం ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి దారి ఇస్తారు. పలకరింపు, రోషం, దుఃఖం అన్నీ ఆ చర్మం మీద పడే పుల్ల దెబ్బల్లోనే ఉన్నాయి.

అన్నిటికంటే గట్టిగా మాట్లాడేది చాపకూడు. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేసిన బ్రహ్మనాయుడు, అన్ని కులాల వాళ్లనూ ఒక్క బంతిన కూర్చోబెట్టాడని పల్నాడు నమ్ముతుంది. మందపోరు నాడు ఆ బంతి మళ్లీ సాగుతుంది. పక్కన ఎవరు కూర్చున్నారని అడగకుండా అన్నం కలుపుకోవడమే అక్కడ చెప్పవలసిన మాట. సమానత్వం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు ఇంత సూటిగా ఏదీ తగల్లేదు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, మా నరసరావుపేట దానికి కేంద్రమైంది. ఈ కథను కాపాడుకునే బాధ్యత ఇప్పుడు ఆ జిల్లాదే. పుస్తకం ఎప్పుడో అచ్చయింది కాబట్టి దానికి ఢోకా లేదు. డప్పు దరువు మాత్రం వాయించే చేతుల్లోనే ఉంది. ఏ కొణతానికి ఏ దరువో, ఏ ఘట్టానికి ఏ అడుగో తెలిసిన పెద్దలు ఉండగానే, వాళ్ల పేర్లతో సహా రికార్డు చేయించాలి. ఆ పని జిల్లా యంత్రాంగం, మన కాలేజీలు కలిసి ఈ ఏడే మొదలుపెట్టాలి.