మూకీలు మూగవి కావు

అబిడ్స్ అంటే మన ఐటీ జనాలకి ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. నాంపల్లి అంటే రైల్వే స్టేషను, నుమాయిష్. అబిడ్స్‌లో ఒకప్పుడు పాలెస్ టాకీస్, జమరుద్ మహల్ ఉండేవని నాన్నల తరం వాళ్ళు చెప్తుంటారు. అయితే "టాకీస్" అనే మాట పుట్టకముందే ఈ ఊళ్ళో సినిమా ఉంది.

ధీరేన్ గంగూలీ అని ఒక బెంగాలీ ఆయన. హైదరాబాదు ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. రకరకాల వేషాలు కట్టి తన ఫోటోలు తానే తీసుకుని పుస్తకంగా వేశాడు. తర్వాత ఆ వేషాలకి కదలిక వచ్చింది: 1922లో ఇక్కడే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు, రెండు సినిమా హాళ్ళూ నడిపాడు. 1924లో 'రజియా బేగం' వేసేసరికి ఏడో నిజాముకి కోపం వచ్చింది. ఊరొదిలి పొమ్మన్నాడు. అదే మనిషికి 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డిచ్చారు లెండి, అది వేరే సంగతి.

ఇంతకీ నేను చెప్పదల్చుకున్నది మూకీల గురించి. అవి మూగవని మన భ్రమ. ఆ రోజుల్లో దేశమంతటా తెర పక్కన హార్మోనియం, తబలా పెట్టుకుని, బొమ్మ చూస్తూ అక్కడికక్కడే వాయించేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే బొమ్మ కంపైలై డబ్బాలో వచ్చేది, సంగీతం మాత్రం రన్‌టైమ్‌లో పుట్టేది. మన రఘుపతి వెంకయ్య గారు 1910 ప్రాంతంలోనే క్రోనోమెగాఫోన్ తెప్పించి, పొట్టి చిత్రాలకి రికార్డు జతచేసి ఊరూరా చూపించారు. అంటే శబ్దాన్ని కూడా డబ్బాలో పెట్టే ప్రయత్నం అన్నమాట. 1931లో ఆలం ఆరా, 1932లో భక్త ప్రహ్లాద వచ్చాక ఆ ప్రయత్నమే గెలిచింది. హాల్లో వాయించేవాళ్ళకి పని పోయింది. టైటిల్సులో వాళ్ళ పేర్లు ఎప్పుడూ లేవు.

2007లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 1929 నాటి 'ఎ త్రో ఆఫ్ డైస్' మూకీకి నితిన్ సాహ్నీ సంగీతం లైవ్‌గా వాయించారు. ఇప్పుడు ఇలాంటివి చేస్తే ప్రయోగం అంటున్నాం. అప్పట్లో అది రోజుకి రెండు మూడు ఆటల మామూలు ఉద్యోగం!

మన మూకీల్లో చాలా భాగం పోయాయి. ఎక్కడో ఒక రీలు దొరికితే సంబరపడతాం. కానీ దొరికింది సగమే. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం ఉంది, ఊళ్ళో వాయించే కుర్రాళ్ళూ ఉన్నారు. మిగిలిన మూకీలు అక్కడ ఒక్క రాత్రి వేసినా చాలు, ఆ రెండో సగం ఎలా ఉండేదో మనకి తెలుస్తుంది. ఈసారి మాత్రం వాయించినవాళ్ళ పేర్లు తెర మీద వెయ్యాలి.