కాంతి మోతాదు: ఒక ప్రయోగ పరికరం పుట్టుపూర్వోత్తరాలు

ఫోటోడైనమిక్ చికిత్సలో మందు ఒక్కటే పనిచేయదు. కణంలో చేరిన మందుపై దానికి తగిన రంగు కాంతి పడాలి, చుట్టూ ఆక్సిజన్ ఉండాలి. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ కేన్సర్ కణాన్ని చంపుతుంది. ప్రయోగశాలలో పెంచిన కణాలపై ఈ చర్యను పరీక్షించే దీపాల కథ మ్యూనిక్‌లో మొదలైంది.

1897-98 శీతాకాలంలో అక్కడ శాస్త్రవేత్త ఫాన్ టాపైనర్ శిష్యుడు ఆస్కార్ రాబ్ అక్రిడిన్ రంగు కలిపిన నీటిలో పారమీసియా అనే ఏకకణ జీవులను పరీక్షించాడు. అవి ఒక్కోసారి ఒక్కో వేగంతో చనిపోయేవి. ఆ తేడాకు కారణం వెలుతురేనని అతడు గుర్తించాడు. ఆ తర్వాత టాపైనర్ బృందం ఇయోసిన్ అనే రంగు పూసిన చర్మపు కణితులపై కాంతిని ప్రయోగించింది, ఈ చర్యకు ఆక్సిజన్ తప్పనిసరని కూడా తేల్చింది.

1951లో హీలా అనే మానవ కేన్సర్ కణాలు ప్రయోగశాలలో ఎడతెగకుండా పెరగడంతో వాటిపై పదేపదే పరీక్షించే వీలు కలిగింది. 1975లో అమెరికాలో థామస్ డౌగర్టీ బృందం హెమటోపోర్ఫిరిన్ సమ్మేళనం, ఎర్రని కాంతి కలిపి ఎలుకల కణితులను నయం చేసింది. 1983లో వచ్చిన ఎంటీటీ పరీక్షతో బతికిన కణాల శాతాన్ని రంగు మార్పు ద్వారా లెక్కించడం తేలికైంది.

దీపం మాత్రం చాలాకాలం చిక్కుగానే ఉండేది. జినాన్ దీపాలకు ఫిల్టర్లు బిగించి కావలసిన రంగును వేరుచేసేవారు. వేడి కణాలకు తగలకుండా మధ్యలో నీటి పొర ఉంచేవారు. లేజర్ స్వచ్ఛమైన రంగునిచ్చినా దాని వెలుగు పడేది చిన్న చోటే. ఎల్‌ఈడీలు వచ్చాక కణాలను పెంచే 96 గుంటల ప్లేటు అంతటా కాంతి సమంగా పరిచే వీలు ఏర్పడింది. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్ల కాంతి 500 సెకన్లు పడితే అదే వైశాల్యానికి మోతాదు 5 జౌళ్లు.

మందుల తయారీకీ, కాంతి పరిశోధనకూ తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో చోటుంది. అక్కడి జిన్నారం పరిసరాల్లోని బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడలు బల్క్ డ్రగ్స్‌కు పేరుపొందాయి. అదే జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో కాంతికి వేడెక్కి కేన్సర్ కణాలను చంపే నానోకణాలపై పరిశోధనలు జరిగాయి. ఔషధ కర్మాగారంలో మందును తూచినంత కచ్చితంగా ఫోటోడైనమిక్ ప్రయోగంలో కాంతినీ కొలవాలి. తరంగదైర్ఘ్యం, తీవ్రత, సమయం నమోదు చేయాలి. మందు వేసి చీకటిలో ఉంచిన కణాలను, మందు లేకుండా కాంతి పడిన కణాలను పోల్చి చూడాలి. ఇవి లేని ఫలితాన్ని రోగి దాకా తీసుకెళ్లకూడదు.