గొట్టమే కదా, మార్చేస్తే పోలా!

"ముప్ఫై దగ్గర పడుతున్నావ్, ఇంకా ఈ బొమ్మలేంట్రా బాబూ?" శనివారం రాత్రి నేను భూతద్దం ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా మా రూమ్మేటు వేసే ప్రశ్న ఇది. సమాధానం చెప్పటం ఎప్పుడో మానేశాను. ఈసారి మాత్రం చెప్పాలనిపించింది. వాడు ఎలాగూ వినడు కాబట్టి మీకు చెప్తున్నా :)

నా పిచ్చి 1/72 స్కేలు యుద్ధ ట్యాంకులు. అసలు ట్యాంకుని 72 రెట్లు కుదిస్తే వచ్చే బొమ్మ, అరచేతిలో పట్టేస్తుంది. ప్లాస్టిక్ ముక్కల డబ్బా కొనుక్కుని, కోసి, అతికించి, రంగులెయ్యాలి. అన్నీ బాగానే ఉంటాయి గానీ చెడగొట్టేది ఫిరంగి గొట్టం. చాలా కిట్లలో అది నిలువునా చీల్చిన రెండు ముక్కలుగా వస్తుంది. అతికిస్తే మధ్యలో గీత. గీత పోవాలని గరుకు కాగితంతో రుద్దితే గొట్టం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా తయారవుతుంది. మూతి దగ్గర చిల్లు ఉండదు. లెక్క చూడండి: 75 మి.మీ. ఫిరంగిని 72తో భాగిస్తే మిల్లీమీటరు పైన కాస్త. అంత చిల్లు ప్లాస్టిక్‌లో పొయ్యటం కష్టం.

అందుకని జనాలు ప్లాస్టిక్ గొట్టం కోసేసి, లేతు మీద తీసిన ఇత్తడిదో అల్యూమినియందో పెడతారు. పని చిన్నదే గానీ ప్రాణం తీస్తుంది. చిల్లు ముందు సన్నగా మొదలెట్టి మెల్లగా పెంచాలి. ఒక్క డిగ్రీ పక్కకి పోయిందంటే 60 మి.మీ. గొట్టం కొన ఒక మిల్లీమీటరు పక్కకి చూస్తుంది. మెల్లకన్ను ట్యాంకు అన్నమాట. నా దగ్గర అలాంటివి రెండున్నాయి.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ గొట్టాలు మార్చే పని మనకంటే ముందు సైన్యాలే చేశాయి.

నా మొదటి ప్రయోగం షెర్మన్ మీద. మామూలు షెర్మన్‌కి ఉండేది పొట్టి 75 మి.మీ. గన్. దాని మామూలు కవచభేది గుండు సెకనుకి దాదాపు 620 మీటర్ల వేగంతో పోయేది. 1943 మొదట్లో ట్యునీసియాలో జర్మన్ల టైగర్‌తో తలపడ్డాక బ్రిటిష్ వాళ్ళకి అది చాలదని అర్థమయ్యింది. వాళ్ళ దగ్గర 17 పౌండర్ అని పొడుగాటి ఫిరంగి ఉంది. 76.2 మి.మీ., అంటే నోరు దాదాపు అంతే. కానీ గొట్టం పొడుగు నాలుగు మీటర్ల పైన, వెనక మందు చాలా ఎక్కువ. గుండు వేగం సెకనుకి 880 మీటర్లు. దాన్నే షెర్మన్‌లో పెడితే?

"కుదరదు" అన్నారు పైవాళ్ళు. వేరే ట్యాంకు ప్రాజెక్టు నడుస్తోంది, దానికోసం ఆగమన్నారు. (ఎక్కడో విన్నట్టుందా?) జార్జ్ బ్రైటీ, జార్జ్ విథరిడ్జ్ అని ఇద్దరు ఆఫీసర్లు మాత్రం వదల్లేదు. చివరికి పని కిల్‌బోర్న్ అనే ఇంజనీరు చేతికొచ్చింది. పేల్చినప్పుడు గన్ వెనక్కి తన్నుకోవటానికి టరెట్‌లో చోటు లేదు, అందుకని ఆ ఏర్పాటు మొత్తం కొత్తగా చేశాడు. గుండు ఎక్కించే మనిషి ఎడమపక్క ఉంటాడు కాబట్టి గన్ వెనకభాగాన్ని 90 డిగ్రీలు పక్కకి తిప్పారు. రేడియోకి చోటు లేకపోతే టరెట్ వెనక కంత కోసి ఒక ఉక్కు పెట్టె అతికించి అందులో పెట్టారు. గుండు ఎక్కించేవాడు బయటపడే దారికి కొత్త గన్ అడ్డమొస్తే పైకప్పులో ఇంకో తలుపు కోశారు. పొడుగాటి గుండ్లు దాచటానికి ముందు కూర్చునే మెషిన్‌గన్ మనిషినే తీసేశారు. ఐదుగురి ట్యాంకు నలుగురిదయ్యింది. అదే ఫైర్‌ఫ్లై. రెండు వేలకి పైగా తయారయ్యాయి.

నేనేం చేశానంటే మామూలు షెర్మన్ కిట్‌కి లోహపు 17 పౌండర్ గొట్టం తగిలించి "ఫైర్‌ఫ్లై" అని పేరు రాసేశాను. పెట్టె లేదు, రెండో తలుపు లేదు, ముందు మెషిన్‌గన్ అలాగే ఉంది. ఒక్క లైను మార్చి బిల్డ్ పాసయ్యిందని సంబరపడటం లాంటిది. గొట్టం మార్చటమంటే లోపల మనుషులు కూర్చునే తీరు మార్చటం అని నాకప్పటికి తెలీదు.

ఇంకో తమాషా. పొడుగాటి గొట్టం కనిపిస్తే జర్మన్లు ముందు దాన్నే కొట్టేవాళ్ళు. అందుకని కొందరు గొట్టం ముందు సగాన్ని కింద తెల్లగా, పైన ముదురుగా అలలు అలలుగా రంగులేసి, దూరం నుంచి పొట్టిగా కనపడేట్టు చేశారు. నేను గొట్టం పొడుగు సరిచెయ్యటానికి తంటాలు పడుతుంటే వాళ్ళేమో ప్రాణం కోసం పొట్టిగా చూపించుకున్నారు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ సెంచూరియన్‌ది. దానికి 20 పౌండర్ అని 84 మి.మీ. ఫిరంగి ఉండేది. 1956లో హంగరీ తిరుగుబాటప్పుడు తిరుగుబాటుదారులు ఒక సోవియట్ టీ-54ని బుడాపెస్ట్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయం ఆవరణలోకి తోలుకొచ్చారు. దాని కవచం, 100 మి.మీ. గన్ చూశాక 20 పౌండర్ చాలదని తేలింది. అలా వచ్చింది 105 మి.మీ. ఎల్7. దాని తెలివంతా ఒక్కచోట ఉంది: పాత 20 పౌండర్ బిగించే చోటే బిగిసేట్టు తయారుచేశారు. ఇంటర్‌ఫేస్ మారలేదు. 1959 నుంచి పాత సెంచూరియన్లలో పాతది తీసి కొత్తది పెట్టుకుంటూ పోయారు. జర్మన్ లెపర్డ్ 1, మన ఆవడిలో తయారైన విజయంత, అమెరికా పేరుతో ఎం60, 1980లో వచ్చిన మొదటి ఎబ్రామ్స్... అన్నిట్లోనూ ఆ వంశమే. మన సైన్యం సోవియట్ టీ-55లకి కూడా తర్వాత 100 మి.మీ. తీసి ఈ 105 పెట్టింది. గుర్తుపట్టటం తేలిక: గొట్టంలో మిగిలిన పొగ టరెట్‌లోకి రాకుండా లాగే ఉబ్బు మూతి దగ్గరుంటే సోవియట్‌ది, మధ్యలో ఉంటే 105.

ఇవన్నీ తెలిశాక ఈసారి తప్పు జరగదనుకున్నా. సెంచూరియన్ కిట్ కొన్నా. చెయ్యదల్చింది "ఫామగుస్తా", 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధంలో పూనా హార్స్ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ నడిపిన ట్యాంకు. కిట్ ప్లాస్టిక్ గొట్టం తీసేసి అల్యూమినియం 105 గొట్టం పెట్టా. ఈసారి మెల్లకన్ను కూడా రాలేదు. మురిసిపోయి, ఊరెళ్ళినప్పుడు మా ఫ్రెండు వాళ్ళ తాతయ్యకి చూపించా. ఆయన ఆ రోజుల్లో సెంచూరియన్ల మీదే పనిచేశారు.

ఆయన భూతద్దం తెప్పించుకుని చాలాసేపు చూశారు.

"బానే చేశావు గానీ బాబూ, ఇది మా గన్ను కాదు."

"సెంచూరియనే కదండీ తాతగారూ?"

"బండి అదే. గన్ను వేరు. ఈ ఉబ్బు పైకి ఎక్కువుందే, మాది చుట్టూ సమానంగా ఉండేది. గొట్టం కూడా మాది ఇంకాస్త సన్నం. రోజూ తోమినోణ్ణి, నాకు తెలీదా?"

ఇంటికొచ్చి లెక్కేశా. రెండు గొట్టాల పొడుగు 1/72లో ఒక్క మిల్లీమీటరు తేడా. నోరు 1.17 ఒకటి, 1.46 ఇంకోటి. డెబ్భై అయిదు దాటిన కళ్ళు పట్టుకున్న తేడా అది. 1971లో మన సెంచూరియన్లు పాత 20 పౌండర్‌తోనే వెళ్ళాయి.

ఆ రోజు ఖేతర్‌పాల్ ట్యాంకు అంటుకున్నాక వెనక్కి రమ్మని పైనుంచి ఆర్డరు వచ్చింది. తన గన్ ఇంకా పనిచేస్తోంది, ట్యాంకు వదలనని ఆయన రేడియోలో చెప్పారు. వయసు 21. పరమవీర చక్ర మరణానంతరం వచ్చింది. ఆయన "నా గన్" అన్నది ఆ 84 మి.మీ. గన్నునే. పన్నెండేళ్ళ ముందే మెరుగైనది వచ్చింది, పాత చోట్లోనే బిగిసేది. ఆ రోజు ఆ ట్యాంకులో మాత్రం అది లేదు. నేను నా టేబుల్ మీద కూర్చుని, జిగురుతో ఆయనకి ఆ గన్ ఇచ్చేశాను. చూడటానికి గొప్పగానే ఉంది, కానీ జరిగింది అది కాదు.

గొట్టం పీకేశా. టరెట్‌ మూతి దగ్గర ప్లాస్టిక్ కొంచెం పగిలింది, పూడ్చాలి. 20 పౌండర్ గొట్టం ఆర్డరిచ్చా, ఇంకా రాలేదు. ఈలోపు ట్యాంకు గొట్టం లేకుండా మానిటర్ పక్కన కూర్చునుంది. రూమ్మేటు చూసి "ఇదేంట్రా, దీనికి ముక్కు లేదు?" అన్నాడు.

వస్తుంది, ఈసారి సరైనదే వస్తుందన్నా. సంక్రాంతికి తాతగారికి చూపించాలి.