పాత సంచికలు కొంటే చేతికొచ్చేది ఏమిటి?

మన సభల్లోనూ టీవీ చర్చల్లోనూ తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఈ సంగతి అమెరికా పత్రికలోనే వేశారు, కావాలంటే చూసుకోండి." ఏ పత్రిక అంటే పేరు చెబుతారు. ఏ సంచిక అంటే నీళ్లు నములుతారు. ఏ పుట అని కూడా అడిగితే మనం మొండివాళ్లం అయిపోతాం. ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లో ఓచర్లు చూస్తూ గడిపినవాణ్ణి కాబట్టి నాకు ఆ ప్రశ్న మొండితనంగా తోచదు. ఓచరు లేని ఖర్చును పాస్ చేయం. అంతే.

అందుకే పాత పత్రికల డిజిటల్ సంచికలు డబ్బు పెట్టి కొనడం నాకు అలవాటయింది. కొన్నప్పుడల్లా ఒక సందేహం వస్తుంది. మనం కొన్నది పత్రికనా, దాని నకలునా, లేక ఆ నకలును కొంతకాలం చూసుకునే అనుమతినా? ఈ సందేహంలో సగభాగం మీద అమెరికా కోర్టుల్లో పదకొండేళ్లు వ్యాజ్యం నడిచింది. మిగతా సగం ఇప్పటికీ తేలలేదు. ఆ కథ మన హేతువాద పత్రికలకూ అవసరమైనదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ 1888 జనవరిలో వాషింగ్టన్‌లో ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో పత్రిక మొదలయింది. మొదట్లో అది భౌగోళిక శాస్త్రజ్ఞుల కోసం వాళ్లే రాసుకున్న పొడి పత్రిక. 1905 జనవరి సంచికలో లాసా నగరం ఫొటోలు పదకొండు పుటల నిండా వేశాక దాని దశ తిరిగింది. పసుపు అంచు అట్టతో ఉండే ఆ పాత సంచికల్ని ఆదివారం పూట అబిడ్స్ పేవ్‌మెంట్ మీద బేరమాడి కొన్నవాళ్లు మీలోనూ ఉంటారు. అక్కడ దొరికితే 1974 మే దొరుకుతుంది, జూన్ దొరకదు. వరస సంచికలు కావాలంటే పెద్ద లైబ్రరీకి పోవాల్సిందే.

1997లో ఆ సొసైటీ 1888 నుంచి 1996 దాకా, అంటే 108 ఏళ్ల సంచికల్ని, సుమారు 1200 సంచికల్ని, 30 సీడీల్లో పెట్టి అమ్మింది. వ్యాసాల్ని మళ్లీ టైపు చేయించలేదు. పుటను పుటగానే స్కాన్ చేసింది. వ్యాసం పక్కన ప్రకటన ఉంటే ప్రకటనతో సహా, రెండు పుటల మీద పరుచుకున్న ఫొటో ఉంటే మధ్య మడతతో సహా వచ్చింది. దానికి వెతుక్కునే సాఫ్ట్‌వేర్ ఒకటి జోడించారు. సీడీ పెట్టగానే పాత అట్టలు పది, ఒకదాన్లోంచి ఇంకొకటి పుట్టుకొస్తున్నట్టుగా కనిపించే చిన్న సన్నివేశం ఒకటి చేర్చారు. ఆ సన్నివేశం దగ్గరే గొడవ మొదలయింది.

ఆ పది అట్టల్లో ఒకటి 1962 జనవరి సంచికది. దాని మీద ఫొటో తీసింది ఫ్లోరిడాకు చెందిన జెర్రీ గ్రీన్‌బర్గ్, సముద్రం అడుగున ఫొటోలు తీయడంలో పేరున్నవాడు. ఆయన ఫొటోలు ఆ పత్రికలో 1962, 1968, 1971, 1990 సంవత్సరాల్లో నాలుగు సంచికల్లో వచ్చాయి. పాత ఫొటోల హక్కుల్ని సొసైటీ 1985లో ఆయనకే తిరిగి రాసిచ్చింది. హక్కులు నావి, సీడీ అమ్మిన డబ్బు మీదా అంటూ ఆయన 1997 డిసెంబరులో కోర్టుకెక్కాడు.

ఇక్కడ అమెరికా చట్టం గురించి ఒక ముక్క చెప్పాలి. వాళ్ల 1976 కాపీరైట్ చట్టంలో 201(సి) అనే క్లాజు ఉంది. బయటి రచయిత వ్యాసమో ఫొటోనో ఇచ్చి, విడిగా ఏ ఒప్పందమూ రాసుకోకపోతే, పత్రిక దాన్ని ఆ సంచికలో భాగంగా వేసుకోవచ్చు. ఆ సంచికను సవరించి వేసినా, అదే వరసలో తర్వాత వచ్చే సంకలనంలో వేసినా చెల్లుతుంది. అంతకు మించిన హక్కులన్నీ రచయితవే. మరి 30 సీడీల పెట్టె అదే పత్రికా, కొత్త సరుకా? వ్యాజ్యం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

2001 మార్చిలో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు అది కొత్త సరుకేనంది. సన్నివేశం ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, కాబట్టి ఇది పాత పత్రిక కాదని తేల్చింది. తర్వాత 2003లో జ్యూరీ గ్రీన్‌బర్గ్‌కు 4 లక్షల డాలర్ల నష్టపరిహారం ఇప్పించింది. కానీ ఆ మార్చి తీర్పు వచ్చిన మూడు నెలలకే, 2001 జూన్‌లో, సుప్రీంకోర్టు ఇంకో కేసులో చెప్పిన మాట దీన్ని తలకిందులు చేసింది.

అది టాసినీ కేసు. ఫ్రీలాన్స్ రచయితల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న జోనథన్ టాసినీ, మరో ఐదుగురు కలిసి 1993లో న్యూయార్క్ టైమ్స్ తదితరుల మీద వేశారు. వాళ్ల వ్యాసాల్ని పత్రికల వాళ్లు లెక్సిస్-నెక్సిస్ లాంటి డేటాబేసులకు అమ్ముకున్నారు. ఆ డేటాబేసులో వెతికితే వ్యాసం ఒంటరిగా వస్తుంది. పక్కన ఏ వార్త ఉందో, కింద ఏ ప్రకటన ఉందో తెలియదు. ఇది ఆ రోజు పత్రిక అనిపించుకోదని జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసిన 7-2 తీర్పు చెప్పింది. మైక్రోఫిల్మ్ సంగతి వేరనీ, అందులో వ్యాసం ఆనాటి పుటలో ఆనాటి చోటనే కనిపిస్తుందనీ తేడా చూపింది.

లెక్కలవాడికి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. ఓచరు ఫొటోకాపీ వేరు, ఓచర్లలోంచి ఎత్తిరాసిన స్టేట్‌మెంటు వేరు. స్టేట్‌మెంటులో అంకెలు సరిగ్గానే ఉండవచ్చు. అయినా ఆడిట్ పార్టీ ఓచరే అడుగుతుంది, ఎందుకంటే ఎత్తిరాసేటప్పుడు ఏం వదిలేశారో స్టేట్‌మెంటు చెప్పదు.

ఫ్రీలాన్సర్లు గెలిచారు, న్యాయమే. కానీ గెలుపు తర్వాత జరిగింది చూడండి. డబ్బు చెల్లించి వ్యాసాల్ని ఉంచుతారనుకుంటే, న్యూయార్క్ టైమ్స్ వాటిని డేటాబేసుల్లోంచి తీసేయడానికి సిద్ధపడింది. 1980 నుంచి 1995 దాకా సుమారు 27 వేల మంది రాసిన 1,15,000 వ్యాసాల మీద ఈ ప్రభావం ఉంటుందని పత్రికే చెప్పుకుంది. చరిత్ర నమోదులో కన్నాలు పడతాయన్న భయాన్ని తీర్పుతో విభేదించిన జస్టిస్ స్టీవెన్స్ ముందే వ్యక్తం చేశాడు. నా దృష్టిలో తప్పు రచయితలది కాదు. ఇరవై ఏళ్లు వాళ్ల సరుకు అమ్ముకుని, తీరా బిల్లు వచ్చాక సరుకే లేదన్నవాళ్లది.

సరే, మళ్లీ సీడీల దగ్గరికి వద్దాం. డగ్లస్ ఫాక్నర్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ వేసిన కేసులో న్యూయార్క్ ప్రాంతపు రెండో సర్క్యూట్ కోర్టు 2005 మార్చిలో, పుటలు ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి కాబట్టి ఇది పత్రికేనంది. ఒకే పెట్టె, రెండు కోర్టులు, రెండు తీర్పులు! చివరికి పదకొండో సర్క్యూట్ తన పాత తీర్పును తానే తిరగదోడింది. 2008 జూన్ 30న జడ్జీలందరూ కూర్చుని 7-5 తేడాతో పుటల నకళ్ల విషయంలో సొసైటీ పక్షాన నిలిచారు. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. మధ్యలో కొన్నేళ్లు మార్కెట్లో లేకుండా పోయిన ఆ పెట్టె, 2009లో డీవీడీలుగా మళ్లీ వచ్చింది. 2005లో న్యూయార్కర్ పత్రిక తన 4,109 సంచికల్ని 8 డీవీడీల్లో అమ్మినప్పుడు పుటల బొమ్మలుగానే ఇవ్వడానికి కారణం కూడా ఈ తీర్పులే. చదివేవాళ్లకు అక్షరం అక్షరం వెతుక్కునే వీలు తగ్గింది గానీ, అసలు పుట దక్కింది.

దక్కిన పుట వల్ల మనకేం లాభం అంటే, పత్రిక గొప్పలతోపాటు దాని పొరపాట్లూ చెరగకుండా ఉంటాయి. 1909లో రాబర్ట్ పియరీ ఉత్తర ధ్రువం చేరానంటే, ఆయనకు అండగా నిలిచిన ఈ సొసైటీయే కాగితాలు పైపైన చూసి సరేనంది. 1988 సెప్టెంబరులో అదే పత్రిక ధ్రువయాత్రికుడు వాలీ హెర్బర్ట్ చేత, పియరీ నిజంగా చేరాడా అని వ్యాసం రాయించింది. 1990 జనవరిలో మళ్లీ పియరీకి అనుకూలంగా ఇంకో వ్యాసం వేసింది. ఏ ఒక్క సంచికే చేతిలో ఉన్నా మీరు తప్పు నిర్ధారణకు వస్తారు. మూడూ ఉంటేనే వివాదం ఎలా నడిచిందో తెలుస్తుంది.

ఆర్కియోరాప్టర్ సంగతి మన వాళ్లకు మరింత అవసరం. 1999 నవంబరు సంచికలో డైనోసారుకూ పక్షికీ మధ్య లంకె దొరికిందని ఒక శిలాజం బొమ్మ వేశారు. శాస్త్ర పత్రికలు ఆ పరిశోధనా పత్రాన్ని తిరస్కరించినా వీళ్లు ఆగలేదు. కొన్ని వారాల్లోనే చైనా శాస్త్రవేత్త షు షింగ్, దాని తోక వేరే జంతువుదని పట్టుకున్నాడు. వేర్వేరు ముక్కలు అతికించిన సరుకది. పరిణామ సిద్ధాంతమే మోసమనేవాళ్లు ఈ ఉదంతాన్ని ఇప్పటికీ వాడుతుంటారు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, అదే పత్రిక 2000 అక్టోబరులో లూయిస్ సైమన్స్ అనే విలేకరి చేత విచారణ చేయించి తన తప్పుల చిట్టాను తానే అచ్చువేసింది. మోసం బయటపెట్టినవాడు పరిణామవాదే కూడా. సభలో ఎవరైనా మొదటి సంచిక చూపిస్తే మనం రెండోది చూపించగలగాలి.

2018 ఏప్రిల్ సంచికలో సంపాదకురాలు సుసాన్ గోల్డ్‌బర్గ్, దశాబ్దాలపాటు తమ పత్రిక జాతి వివక్షతో రాసిందని ఒప్పుకుంది. దానికి ముందు జాన్ ఎడ్విన్ మేసన్ అనే చరిత్రకారుడు పాత సంచికలన్నీ తిరగేశాడు. ఆ పుటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి కాబట్టే ఆ పని సాధ్యమయింది.

ఇక తేలని సగం. కోర్టులు రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య తగువు తీర్చాయి. కొన్నవాడి సంగతి ఎవరూ అడగలేదు. డీవీడీ కొంటే పళ్లెం మనదే, కానీ అది తెరుచుకునే సాఫ్ట్‌వేర్ మనది కాదు. 2009 నాటి పెట్టె అడోబ్ ఎయిర్ మీద ఆధారపడింది. అడోబ్ దాన్ని 2019లో వేరే కంపెనీకి అప్పగించింది. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లకు డీవీడీ పెట్టే అరే ఉండదు. ఆన్‌లైన్ చందా అయితే ఇంకో రకం. ఒక పత్రిక (పేరు అనవసరం) పాత సంచికల కోసం నేను రెండేళ్లు చందా కట్టాను. గడువు దాటిన మర్నాడే, అప్పటిదాకా చదివిన పుటలు కూడా మూసుకుపోయాయి. పళ్లెం మీద ఉన్నదాన్ని ప్రచురణకర్త మన ఇంటికొచ్చి మార్చలేడు. సర్వరు మీద ఉన్నదాన్ని మారిస్తే మనకు తెలిసే దారి లేదు. ఇబ్బందులున్నా నా ఓటు ఇప్పటికీ పళ్లేనికే, ఇంకా చెప్పాలంటే మామూలు పీడీఎఫ్‌కే.

ఉచితంగా ఇచ్చినచోట బాగుంటుందా అంటే అదీ సగమే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్ ప్రాజెక్టులోంచి వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఎన్నో తెలుగు పుస్తకాల్ని బతికించింది. కానీ పేర్లు తప్పుల తడకగా నమోదు చేశారు. ఉన్న పుస్తకం దొరకదు, దొరికితే పుటలు మాయం. తర్వాత ఆ సైటే మూతపడింది. ఔత్సాహికులు ముందుచూపుతో నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు కాబట్టి చాలావరకు మిగిలాయి.

మన హేతువాద పత్రికలకు ఆ మాత్రం రక్షణ కూడా లేదు. గోరా గారు 1969లో మొదలుపెట్టిన 'ది ఎథీస్ట్', పోదనూరు నుంచి ప్రేమానంద్ గారు 1988 నుంచి నడిపిన 'ఇండియన్ స్కెప్టిక్', చీరాల నుంచి రావిపూడి వెంకటాద్రి గారు నడిపిన 'హేతువాది' లాంటివి సభ్యుల ఇళ్లలో కట్టలుగా పడి ఉన్నాయి. బాబాల గారడీల గుట్టు ఏ ఏడాది ఎక్కడ ఎలా విప్పారో అందులో ఉంది. ఇవన్నీ స్కాన్ చేసి అమ్ముదామని మన మిత్రులు కొందరు ఉత్సాహపడుతున్నారు. మంచిదే, కానీ చట్టం చూసుకోవాలి. మన 1957 కాపీరైట్ చట్టం 17(ఎ) ప్రకారం, జీతం తీసుకుని రాసిన ఉద్యోగి రచన మీద కూడా పత్రిక యజమానికి ఉండేది పత్రికల్లో ప్రచురించే హక్కే. మిగతా హక్కులన్నీ రాసినవాడివి. జీతం లేకుండా రాసినవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, మన పత్రికల్లో రాసింది దాదాపు వాళ్లే. గడువు, రచయిత పోయాక 60 ఏళ్లు. మారుపేరుతో రాసి అసలు పేరు బయటపడకపోతే ప్రచురణ నాటి నుంచి 60 ఏళ్లు. పైగా 2012 సవరణ ప్రకారం, హక్కులు రాసిచ్చిన నాటికి లేని మాధ్యమానికి, పత్రంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆ రాతకోత వర్తించదు.

కాబట్టి ముందు రచయితల జాబితా, తర్వాత వాళ్లవో వారసులవో ఒక్కో కాగితం మీద అనుమతులు, ఆ తర్వాతే స్కానింగు. స్కాన్ చేసేటప్పుడు అట్టలు, చందా వివరాలు, పాఠకుల ఉత్తరాలు, సవరణలు, ప్రకటనలు ఏవీ వదలొద్దు. సంచిక సంఖ్య తెలియని వ్యాసాన్ని విడిగా టైపు చేయించి పెట్టొద్దు. నేను నా దగ్గరున్న 'ఇండియన్ స్కెప్టిక్' కట్టతో మొదలుపెట్టి, ఏవి ఉన్నాయో ఏవి లేవో రిజిస్టరులో రాస్తున్నాను. మీ ఇంటి అటకమీద కట్టలుంటే, చెదలు చూసుకుని, సంచికల నెలలూ సంవత్సరాలూ మాత్రం ముందుగా రాసి పంపండి. పత్రికలు ఇప్పుడే పంపొద్దు, పోస్టులో పోతే రెండో కాపీ లేదు.